ముల్కీ: ఒక మాట నడచిన త్రోవ

పల్లెలో క్రొత్తమనిషి రచ్చబండవద్ద నిలిచినచో మొదట వినబడు ప్రశ్న "మీదే ఊరు?" అన్నది. ఆ ప్రశ్నలో కీడు లేదు. దప్పికకు మంచినీళ్లిచ్చుటకును, చుట్టరికము కలుపుటకును, ప్రొద్దుపోయినచో అరుగుమీద చోటు చూపుటకును అదియే ఆరంభము. అదే ప్రశ్న కచేరీ దరఖాస్తులోనికి ఎక్కినప్పుడు దాని జవాబునుబట్టి ఒకనికి కూడు దొరకును, మరొకనికి నిరాశ మిగులును. అదే ప్రశ్న వీథిలో నినాదమైనప్పుడు తలలు పగులును. హైదరాబాదు నగరములో ఈ ప్రశ్నకు సుమారు నూటయేబది సంవత్సరముల చరిత్ర కలదు. నేడు ఊరూరినుండి చదువుకొన్న బిడ్డలు కొలువులకై చేరుచున్న హైటెక్ సిటీ వాకిలివరకు ఆ చరిత్ర వచ్చినది. దానినంతయు చాలకాలము ఒక చిన్న మాట మోసినది. ఆ మాట "ముల్కీ".

అరబ్బీలో "ముల్క్" అనగా రాజ్యము, దేశము. పారసీ, ఉర్దూ భాషల త్రోవను అది దక్కనుకు చేరినది. "ముల్కీ" అనగా ఆ దేశమునకు చెందినవాడు. చెందనివాడు "గైర్‌ముల్కీ". తెలుగు బడులలో "గైర్‌హాజరు" అనుచోట వినబడునది ఈ "గైర్" అను మాటయే. పుట్టుకలో ఈ రెండు పదములకు ప్రేమయు లేదు, ద్వేషమును లేదు. ఒకడు ఈ ఊరివాడు, మరొకడు పైఊరివాడు అన్నంత మాత్రమే.

ఆ మాటకు మొదటి ములుకు మొలిచినది నిజాము కొలువులో. 1853 మొదలు 1883లో మరణించువరకు దివానుగానుండిన మొదటి సాలార్‌జంగు పరిపాలనను క్రొత్తపద్ధతులకు మార్చదలచి, ఇంగ్లీషు పాలనలో ఆరితేరిన ఉద్యోగులను ఉత్తరహిందూస్థానమునుండి పిలిపించెను. వారు చదువరులు, సమర్థులు. కాని వారి రాకతో హైదరాబాదు పాతకుటుంబములవారికి కొలువులు సన్నగిల్లినవి. 1884లో పారసీకి బదులుగా ఉర్దూ రాజభాష అయినపిదప హిందూస్థానమువారికి మరింత అనువు కుదిరెను. అప్పటినుండి "మేము ముల్కీలము, వారు గైర్‌ముల్కీలు" అను మాట దర్బారులో వినబడజొచ్చెను. ఇక్కడ ఒక సంగతి గుర్తింపదగినది. ఆనాడు గైర్‌ముల్కీ అనగా సర్కారు జిల్లాల తెలుగువాడు కాదు. లక్నో, అలీగఢు ప్రాంతములనుండి వచ్చిన ఉర్దూ విద్వాంసుడు. తగవు భాషల నడుమ పుట్టలేదు, మతముల నడుమ పుట్టలేదు. అది కొలువుల తగవు.

వచ్చినవారిలో వంగదేశీయుడైన అఘోరనాథ చటోపాధ్యాయుడు ఒకడు. నిజాము కళాశాల వృద్ధికి పాటుపడిన విద్వాంసుడాయన. నాటి లెక్కలో ఆయన గైర్‌ముల్కీయే. ఆయన కుమార్తె సరోజిని 1879లో హైదరాబాదులో జన్మించెను. సరోజినీ నాయుడను ఆ మహాకవయిత్రిని పైదేశపు బిడ్డయని హైదరాబాదువారు ఎవరైన అనగలరా? తండ్రి పరదేశి, కుమార్తె ఆ నగరమునకే అలంకారము. రెండు తరముల నడుమ మాటయొక్క హద్దు ఎంత మెల్లగా జరుగునో ఈ ఒక్క ఇల్లు చెప్పును. ఆ ఇంటి ప్రసంగము ఈ కథలో మరొకసారి రాగలదు.

కొలువుల తగవు ముదరగా, 1919లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఫర్మానా వెలువరించెను. అందు ముల్కీ అను మాటకు చట్టపుబలము కలదు. రాజ్యములో జన్మతః ప్రజయైనవాడు ముల్కీ. 15 సంవత్సరములు అచ్చట స్థిరముగా నివసించి, తిరిగి స్వస్థలమునకు పోవు తలంపు విడిచినట్లు ప్రమాణపత్రము నిచ్చినవాడును ముల్కీయే. ముల్కీని పెండ్లాడిన స్త్రీకిని ఆ హక్కు కలదు. సర్కారు కొలువులు ముల్కీలకే, ప్రత్యేకమైన అనుమతి ఉన్ననే ఇతరులకు. వాడుకమాటగానుండినది ఇట్లు సర్టిఫికెట్టు అయినది. నోటిమాటకు ఉన్న మెత్తదనము కాగితమునకు ఉండదు.

ఈ లెక్క తెలుగువారికి తెచ్చిన విచిత్రము చూడవలెను. హైదరాబాదు రాజ్యములో తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతములు మూడును కలిసియుండెను. ఔరంగాబాదు మరాఠీవాడు, గుల్బర్గా కన్నడిగుడు హైదరాబాదులో ముల్కీలు. కృష్ణకు ఈవల ఆవల ఒకే మాట, ఒకే పద్యము, ఒకే పండుగ కలిగియుండియు, బెజవాడ తెలుగువాడును కర్నూలు తెలుగువాడును అచ్చట గైర్‌ముల్కీలు. దేశమనగా రాజుగారి సరిహద్దు అని ఆ మాట భావము.

అయినను ఆ సరిహద్దును పాటింపని చోటు ఒకటి ఆ నగరములో ఉండెను. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. నిజాము రాష్ట్రమువాడైన రావిచెట్టు రంగారావు గృహములో అది ఆరంభమైనది. దాని స్థాపనకు పూనుకొన్నవారిలో ముఖ్యుడు కొమర్రాజు లక్ష్మణరావు, కృష్ణామండలములోని పెనుగంచిప్రోలులో పుట్టినవాడు. ముల్కీయు గైర్‌ముల్కీయు ఒకే దీపముక్రింద కూర్చుండి తెలుగుపుస్తకములు పేర్చిరి. గ్రంథాలయములో పుస్తకము నెరువడుగువానిని ఊరు అడుగుట చిరునామాకొరకే కాని అర్హత తేల్చుటకు కాదు. ఏ పల్లె గ్రంథాలయమైనను ఆ వంశములోనిదే.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడినతరువాత పట్టభద్రుల సంఖ్య పెరిగినది, కొలువులు అంతగా పెరుగలేదు. 1930ల నడుమ హైదరాబాదు హైదరాబాదీలదే అను మాటతో ముల్కీల సంఘము బయలుదేరినది. ఈసారి ముల్కీల వరుసలో వెనుకటి తరమున హిందూస్థానమునుండి వచ్చినవారి బిడ్డలును నిలిచిరి. తాతను గైర్‌ముల్కీ యన్న నగరము మనుమని ముల్కీ యన్నది. మనుమడు మరొక క్రొత్తవానిని గైర్‌ముల్కీ యనుటకు సిద్ధముగా నుండెను. ఈ పదముయొక్క నిజమైన చరిత్ర ఇదియే. హద్దు ఎప్పుడును ఉండును, హద్దు లోపలివారు మాత్రము మారుచుందురు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశములో కలిసినపిదప మద్రాసు, బొంబాయి రాష్ట్రములనుండి ఉద్యోగులు వచ్చిరి. పాలన ఉర్దూనుండి ఇంగ్లీషునకు మారెను. ఉర్దూలో చదివిన ముల్కీ యువకుడు ఇంగ్లీషు వ్రాతలో వెనుకబడెను, ఇంగ్లీషు చదివిన సర్కారు జిల్లాలవాడు ముందడుగు వేసెను. దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టుచున్నవని ఫిర్యాదులు చెలరేగెను. అప్పుడు మాట వేషము మార్చినది. అరబ్బీ "గైర్" పోయి ఇంగ్లీషు "నాన్" వచ్చి "నాన్-ముల్కీ" అయ్యెను. ఏ భాషవలన కొలువు పోవుచున్నదో ఆ భాషయే తిట్టుమాటకు తలయైనది. 1952లో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగానుండగా వరంగల్లులో మొదలైన విద్యార్థుల అలజడి రాజధానికి ప్రాకెను. "నాన్-ముల్కీ గో బ్యాక్" అను నినాదము వీథులలో మ్రోగెను. సెప్టెంబరు 3, 4 తేదీలలో సిటీ కళాశాల పరిసరములందు పోలీసుకాల్పులు జరిగి పలువురు మరణించిరి. జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డి విచారణ జరిపెను. దర్బారులో సణుగుడుగా మొదలైన మాట డెబ్బది సంవత్సరములలో నెత్తురు చూచినది. అప్పుడు గైర్‌ముల్కీ అనగా లక్నోవాడు కాదు. ప్రధానముగా కోస్తా తెలుగువాడు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఉభయప్రాంతముల నాయకులు పెద్దమనుష్యుల ఒప్పందము చేసికొనిరి. తెలంగాణ కొలువులకు 12 సంవత్సరముల నివాసము వంటి నియమము ఉండవలెనని అందు అంగీకరించిరి. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. నిన్నటి ముల్కీ ఔరంగాబాదువాడు ఆ దినమున పొరుగు రాష్ట్రమువాడయ్యెను. నిన్నటి గైర్‌ముల్కీ బెజవాడవాడు సొంతరాష్ట్రమువాడయ్యెను. రాత్రికిరాత్రి పటము మారినది కాని మనసులు పటములు కావు. ఒప్పందము సరిగా నడువలేదను బాధ 1969లో తెలంగాణమంతట ఉద్యమమై, పలువురు యువకులు ప్రాణములు కోల్పోయిరి. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పగా, ఈసారి కోస్తా, రాయలసీమలలో జైఆంధ్ర ఉద్యమము రగిలెను. అచ్చటను కాల్పులలో మనుష్యులు కూలిరి. ఒకే మాటను తెలంగాణ యువకుడు తన అన్నపుముద్దకు కాపుదలగా వినెను. ఆంధ్ర యువకుడు సొంతరాజధానిలో తనను పరాయివానిని చేయు తీర్పుగా వినెను. ఇద్దరి చెవులును సత్యమునే వినినవి. ఇద్దరి ఆకలియు నిజమే.

1973 సెప్టెంబరు 21న ఆరుసూత్రముల పథకము ప్రకటింపబడినది. దానిననుసరించి ముల్కీ నిబంధనలు రద్దైనవి. రాజ్యాంగములో 371-డి అధికరణము చేరినది. ఆ సూత్రములలో ఒకటి రాజధానిలో కేంద్రీయ విశ్వవిద్యాలయమును స్థాపించుట. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ఏర్పడినది. అది మొదట కొలువుతీరినది గోల్డెన్ థ్రెషోల్డ్ అను భవనములో. అది మరేదియు కాదు, అఘోరనాథ చటోపాధ్యాయుని నివాసము, సరోజిని పెరిగిన ఇల్లు. ఆమె కుమార్తె పద్మజా నాయుడు దానిని విశ్వవిద్యాలయమునకు ఇచ్చెను. ముల్కీ తగవు పరిష్కారముగా పుట్టిన విద్యాలయమునకు ఒకనాటి గైర్‌ముల్కీ ఇల్లు పురుడుపోసినది. తరువాత అది నగరమునకు పడమరగా రాళ్లగుట్టల నడుమనున్న గచ్చిబౌలికి తరలెను. పాతికేండ్లకు ఆ గుట్టల ప్రక్కనే అద్దపుమేడలు లేచి ఐ.టి. ప్రాంతమైనది. సైబరాబాదు నేలమీదికి తొలుత వచ్చిన పెద్దసంస్థలలో ఒకటి ఇట్లు ఈ మాటయొక్క తగవునుండి పుట్టినదే.

ముల్కీ నిబంధన చచ్చినను దాని అర్థము చావలేదు. వేరు గూడు వెదకుకొనెను. 1975 అక్టోబరునాటి రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రమును ఆరు జోనులుగా విభజించి "లోకల్ అభ్యర్థి" అను మాటను తెచ్చినది. దానితో "లోకల్", "నాన్-లోకల్" అనునవి ఇంటింటి మాటలైనవి. అర్థములో గొప్పమార్పు ఇచ్చటనే కలదు. ముల్కీకి 15 ఏండ్ల నివాసము, తిరిగిపోననెడి ప్రమాణము కావలెను. లోకలుకు ప్రధానముగా కావలసినది ఆ ప్రాంతపు బడిలో వరుసగా నాలుగేండ్ల చదువు. గుంటూరునుండి వచ్చి కూకట్‌పల్లిలో కాపురమున్నవాని బిడ్డ అచ్చట చదివినచో అచ్చట లోకల్. నల్లగొండ రైతు తన బిడ్డను విజయవాడ వసతిగృహములో ఉంచి చదివించినచో ఆ బిడ్డ సొంతఊరిలోనే నాన్-లోకల్ కావచ్చును. పూర్వము రాజభక్తి హద్దుగీసినది. ఇప్పుడు బడిగంట గీసినది. ఉత్తర్వుకు విరుద్ధముగా నియమింపబడినవారిని వారివారి జోనులకు పంపుటకు 1985 డిసెంబరులో 610వ నెంబరు జీవో వచ్చెను. అది సరిగా అమలు కాలేదన్న ఆవేదన తరువాతి ఉద్యమమునకు ప్రధానకారణములలో ఒకటి.

ఈ కాలముననే మరొక మాటయు వాడుకకెక్కినది. అది "సెటిలర్". 1931లో మంజీరమీద నిజాంసాగరు పూర్తియైనపిదప కృష్ణా గోదావరి మండలముల రైతులు నిజామాబాదు ప్రాంతమునకు వచ్చి పొలములు కొని వరి పండించిరి. వారి పల్లెలు కొన్ని గుంటూరుపల్లెలని పేరుపొందినవి. అచ్చట సెటిలరనగా నీటిసేద్యము తెలిసిన క్రొత్తరైతు. ఆ మాట పొలమునుండి పట్నమునకు నడచి, నగరపు పడమటి కాలనీలలో ఇండ్లు కట్టుకొన్న కోస్తావారికి అంటినది. వినువారినిబట్టి అది గౌరవము, వెక్కిరింత, లేదా ఓటులెక్క. తాను పుట్టినది ఇచ్చటనేయైనను తన తండ్రి వచ్చినందున తానును సెటిలరేనా యని అడుగువారికి ఆ మాటలో జవాబు లేదు. అయితే ఒక్క విశేషము కలదు. హైదరాబాదు అను పేరులోని "ఆబాద్" అను పారసీమాటకు జనులు కాపురమున్న చోటు, వసతి యని అర్థము. సెటిలగుట యనునది ఆ నగరము పేరులోనే ఉన్నది.

ఆ "ఆబాదు"కే క్రొత్తతల అతికి "సైబరాబాదు" చేసిరి. 1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్సును ప్రారంభించెను. నాటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు. హైటెక్ సిటీ వెలసినది. 2003లో సైబరాబాదు పోలీసు కమిషనరేటు ఏర్పడి ఆ పేరు సర్కారు కాగితములకెక్కెను. ఈ కొలువులు సర్కారువి కావు గనుక రాష్ట్రపతి ఉత్తర్వు వానికి వర్తింపదు. కంపెనీవాడు అడుగునది చదువు, నేర్పు, ఇంగ్లీషు. ముల్కీ సర్టిఫికెట్టు అడుగడు. శ్రీకాకుళమువాడు, ఆదిలాబాదువాడు, ఒరియావాడు, బీహారీ ఒకే లిఫ్టులో ఎక్కుదురు. పాతమాట ఇక సమసినదని అనిపించుట సహజము.

కాని సమయలేదు. నగర పోలీసుకొలువులకు హైదరాబాదు "ఫ్రీ జోన్" అని 2009 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పగా ఆ ఇంగ్లీషుమాటయే తెలంగాణ ఉద్యమమునకు నిప్పురవ్వ అయ్యెను. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమవతరించెను. ఆ సంవత్సరమే చదువు రుసుముల సాయమునకై తెచ్చిన ఒక పథకములో 1956 నవంబరు 1కి ముందునుండి ఉన్న కుటుంబములవారే అర్హులని నియమము పెట్టిరి. హైకోర్టు ఆక్షేపింపగా తరువాత దానిని ఉపసంహరించిరి. 2016 ఫిబ్రవరి నగరపాలక ఎన్నికలలో పార్టీలన్నియు సెటిలర్ల ఓట్లకై పోటీపడి, వారును తమవారేయని చాటినవి. హైదరాబాదునుండి ఆంధ్రప్రదేశమునకు తరలిపోయిన కుటుంబముల బిడ్డలు అచ్చట నాన్-లోకల్ కాకుండుటకై రాష్ట్రపతి ఉత్తర్వును సవరింపవలసి వచ్చెను. ఇచ్చట సెటిలరైనవాడు అచ్చటికి పోయి లోకల్ అనిపించుకొనుటకు మరల కాగితము వెదకుకొనెను.

ఈ అన్నిటి నడుమ ఎవ్వరును అడుగని మనుష్యులు కొందరు కలరు. మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ అనునవి మొన్నమొన్నటివరకు పల్లెలే. ఏ నిర్వచనముతో కొలిచినను అచ్చటి పాతకాపులే అసలైన ముల్కీలు. మేడల నీడలో వారి ఊరిగుడియు, పీరులచావడియు చిన్నబోయి నిలిచినవి. ఆ మేడలకు ఇటుకలు మోసినవారు పాలమూరునుండియు, ఒడిశానుండియు, బీహారునుండియు వచ్చిన కూలీలు. వారికి ముల్కీ యన్న మాటయే తెలియదు. మాట ఎవరినిగూర్చి పుట్టినదో వారి నోట అది లేదు. ఎవరి నోట బలముగా పలికినదో వారికి దాని అవసరము కొలువుకొరకే.

ఇప్పుడా అద్దపుమేడలలో యువకులు ఒకరినొకరు అడుగుకొను మాట "మీ నేటివ్ ఎక్కడ?" అని. సంక్రాంతికో, దసరాకో బస్సెక్కునప్పుడు "నేటివ్‌కు పోవుచున్నాను" అందురు. అది ఇంగ్లీషుమాట. పుట్టుకకు సంబంధించినదని దాని మూలార్థము. దొరలకాలమున ఈ దేశపువాని చిన్నచూపుతో పిలిచిన పిలుపది. హైదరాబాదు రాజ్యమే నాడు "నేటివ్ స్టేట్" అనిపించుకొన్నది. అర్థము విడదీసి చూచినచో నేటివ్ అన్నను ముల్కీ అన్నను ఒకటే. కాని ఎంత తేడా! ముల్కీ యన్నది తానున్న చోట తన హక్కును చాటుటకు వాడిన మాట. నేటివ్ అన్నది తాను విడిచివచ్చిన చోటును తలచుకొనుటకు వాడు మాట. తిట్టుగా వచ్చినది ప్రేమపేరైనది. మామూలుమాటగా వచ్చినది తగవైనది.

మాటలలో విషము లేదు, అమృతమును లేదు. పలుకువాని అవసరమే వానిలో రెంటిని నింపును. పనులు కొరవడినప్పుడు ఊరిపేరు గోడయగును. పనులు దొరకినప్పుడు అదే ఊరిపేరు చుట్టరికమగును. కావున "మీదే ఊరు?" అను ప్రశ్నను మానవలసిన పని లేదు. రచ్చబండవద్ద పెద్దలు అడిగినట్లు, జవాబు విన్నతరువాత మంచినీళ్లిచ్చుటకై దానిని అడుగుట నేర్చిన చాలును.